ఎవరి ఫీజుకు మినహాయింపు, ఎవరి ఫిర్యాదుకు టైం లేదు



2024 జూలైలో బ్రిటన్‌లో లేబర్ పార్టీ గెలిచాక అక్కడ రెండు గొడవలు బాగా ముదిరాయి. ఒకటి, ప్రైవేటు బడుల ఫీజు మీద పన్ను. రెండోది, పోలీసులు ముందు ఏ పని చూడాలి, ఏది పక్కన పెట్టాలి అన్నది. రెండిటి మీదా పేపర్లలో, టీవీల్లో, పార్లమెంటులో, కోర్టుల్లో బోలెడంత వాదన నడిచింది. "పాడేరులోనో ఉట్నూరులోనో ఉన్న మాకు లండన్ పంచాయితీ ఎందుకు?" అని మీలో కొందరు కిందికి జరిపేస్తారని తెలుసు. ఒక్క నిమిషం ఆగండి. మన తాతల కాలంలో కొన్ని తెగలను పుట్టుకతోనే దొంగలని రాసి, వాళ్ల మీద పోలీసు నిఘా పెట్టిన చట్టం ఆ దొరలు రాసిందే. ఇప్పుడు ఆ గొడవల్లో వినపడుతున్న మాటలు కూడా, ఇక్కడ మన మీద వాడిన మాటల్లాగే ఉన్నాయి. అందుకే ఈ వ్యాసం.

ముందు బడి సంగతి చూద్దాం.

బ్రిటన్‌లో వంద మంది పిల్లల్లో ఇంచుమించు ఏడుగురు ప్రైవేటు బడికి వెళ్తారు. మిగతా 93 మందికీ సర్కారు బడే. ఆ ఏడుగురు చదివే బడుల్లో పేరున్నవి చాలావరకు ధర్మసంస్థల కింద రిజిస్టరయినవి. ఈటన్ అనే పేరు మీరు వినే ఉంటారు. 1440లో ఆరో హెన్రీ రాజు 70 మంది పేద పిల్లలకు ఉచితంగా చదువు చెప్పించడానికి పెట్టిన బడి అది. అందులో చదివిన వాళ్లలోంచి ఇప్పటికి 20 మంది ప్రధానమంత్రులు వచ్చారు. పేదల బడి దొరల బడి అయిపోయినా, ధర్మం అన్న బోర్డు మాత్రం గోడకి అలాగే ఉంది. ఆ బోర్డుకు ఫలం కూడా ఉంది. ధర్మసంస్థ అయితే బిల్డింగు మీద కట్టాల్సిన బిజినెస్ రేట్లు అనే పన్నులో 80 శాతం మాఫీ. ఇక ధర్మసంస్థ అయినా కాకపోయినా, చదువు కాబట్టి ఫీజు మీద వ్యాట్ అసలే లేదు.

కొత్త ప్రభుత్వం ఈ రెండిటినీ ముట్టుకుంది. 2025 జనవరి 1 నుంచి ప్రైవేటు బడి ఫీజు మీద 20 శాతం వ్యాట్ వేసింది. ఆ ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో బిజినెస్ రేట్ల మాఫీ కూడా తీసేసింది. స్కాట్లండ్ ఆ మాఫీని 2022లోనే ఎత్తేసింది, అప్పుడు ఇంత రభస కాలేదు. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం 2029-30 నాటికి ఏటా సుమారు 180 కోట్ల పౌండ్లు వస్తాయి. సర్కారు బడుల్లోకి 6,500 మంది టీచర్లను అదనంగా తీసుకుంటామన్నది వాళ్ల మాట.

ఇక చూడండి గోల. మధ్యతరగతి తల్లిదండ్రుల గొంతు కోశారన్నారు. పిల్లలంతా సర్కారు బడుల మీద పడతారు, అక్కడ చోటు చాలదన్నారు. ప్రభుత్వ అంచనాలో కూడా కాలక్రమంలో 37,000 మంది దాకా ప్రైవేటు బడికి దూరమవుతారని ఉంది. ఆ మాట దాచలేదు. కానీ ఒక లెక్క ఆ గోలలో ఎవరికీ పట్టలేదు. ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ 2023లో చూపించింది: 2003 నుంచి అప్పటికి, ధరల పెరుగుదల తీసేసి చూసినా, ప్రైవేటు బడుల ఫీజులు 55 శాతం పెరిగాయి. అన్నేళ్లూ ఆ బడులకు వెళ్లే పిల్లల వాటా మాత్రం పెద్దగా మారలేదు. బడి యాజమాన్యం అంత పెంచితే కిక్కురుమనకుండా కట్టినవాళ్లు, సర్కారు 20 శాతం అడగ్గానే రోడ్డెక్కారు.

అదే సంస్థ ఇంకో లెక్క కూడా చెప్పింది. సర్కారు బడిలో ఒక పిల్లవాడి మీద ఖర్చు ఒక రూపాయి అనుకుంటే, 2010లో ప్రైవేటు ఫీజు రూపాయి నలభై పైసలు. 2022-23కి అది రూపాయి తొంభై పైసలైంది. పదేళ్లు దాటేసరికి ఆ తేడా రెట్టింపు కన్నా ఎక్కువైంది. ఇక 2023 ఆగస్టు 31న, సెలవులయ్యాక బడులు తెరవబోతుండగా, వందకు పైగా బడులకు "మీ బిల్డింగుల్లో వాడిన కాంక్రీటు కూలిపోవచ్చు, ఆ గదులు మూసేయండి" అని కబురు వచ్చింది. తెల్లదొరల దేశంలో! మన ఆశ్రమ పాఠశాలల పైకప్పులు తలుచుకుని నవ్వాలో ఏడవాలో తెలియదు.

అంత పెద్ద చర్చలో ఆ కప్పుల కింద కూర్చున్న పిల్లల తల్లిదండ్రులు ఎంతసేపు కనిపించారు? ఫీజు కట్టలేక విహారయాత్ర మానుకున్న తల్లి కథ కనిపించింది. 93 మంది పిల్లల సంగతి "సర్కారు బడుల మీద భారం" అనే ఒక్క ముక్కలో తేలిపోయింది. అక్కడ పిల్లలు ఉన్నారని కూడా కాదు, భారం ఉందని.

ఒక వాదన మాత్రం నాకు న్యాయంగానే తోచింది. కోర్టుకు వెళ్లిన వాళ్లలో పెద్ద బడుల వాళ్లు కాకుండా చిన్న చిన్న మత బడులు నడిపేవాళ్లు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులు ఉన్నారు. తక్కువ ఫీజుతో, సంఘం చందాలతో నడిచే క్రైస్తవ, యూదు బడులు కొన్ని అందులో ఉన్నాయి. అవి ఈటన్ కావు. వాటి మీదా అదే 20 శాతం. 2025 జూన్‌లో హైకోర్టు ఆ కేసులు కొట్టేసింది. పన్ను ఎవరి మీద వేయాలో నిర్ణయించే అధికారం పార్లమెంటుకు విస్తారంగా ఉంటుందన్నది దాని సారం. చట్టం లెక్కలో అది సరే కావచ్చు. పెద్దబడికీ చిన్నబడికీ ఒకే గీత గీస్తే చిన్నదాని వేలు ముందు తెగుతుంది. ఆ సంగతి మనకు ఇక్కడ పనికొస్తుంది.

ఎందుకంటే, "అయితే ఇక్కడ కూడా ప్రైవేటు బడి ఫీజు మీద జీఎస్టీ వేయాలి" అని మనవాళ్లు కొందరు తొందరపడొచ్చు. నేను ఒప్పుకోను. బ్రిటన్‌లో ప్రైవేటు అంటే ఏడు శాతం. తెలంగాణలో సగానికి పైగా పిల్లలు ప్రైవేటు బడుల్లోనే ఉన్నారు. వాళ్లంతా దొరబిడ్డలా? జీడిపిక్కలు అమ్మిన డబ్బు, పసుపు అమ్మిన డబ్బు, తునికాకు కూలి పట్టుకెళ్లి మండల కేంద్రంలో ఇంగ్లిష్ మీడియం బడిలో కట్టొచ్చే తల్లిదండ్రులు మన గూడేల్లోనే ఉన్నారు. ఊళ్లో బడికి టీచరు రాకపోతే ఇంకేం చేస్తారు? ఫీజు మీద పన్ను వేస్తే యాజమాన్యం జేబులోంచి పోదు, ఆ పసుపు డబ్బులోంచే పోతుంది.

మనం చూడాల్సిన చోటు వేరే ఉంది. ఇక్కడ స్కూలు, ఇంటర్ చదువుకు జీఎస్టీ లేదు. కోచింగుకు మాత్రం 18 శాతం. ఒకే బిల్డింగులో పొద్దున ఇంటర్ పాఠం, సాయంత్రం ఎంట్రన్స్ కోచింగ్ జరిగితే రసీదులో ఏది ఎంత రాస్తారు అన్నది అడగాల్సిన ప్రశ్న. దానికి మించింది ఇన్‌కం ట్యాక్స్ మినహాయింపు. బడి నడిపే ట్రస్టుకో సొసైటీకో, లాభం కోసం కాక చదువు కోసమే ఉంటే, వచ్చిన ఆదాయం మీద పన్ను ఉండదు. దీని మీద సుప్రీంకోర్టు 2022 అక్టోబర్ 19న ఒక తీర్పు ఇచ్చింది. మన ఆంధ్ర నుంచి వెళ్లిన కేసే, న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసు. మినహాయింపు కావాలంటే ఆ సంస్థ కేవలం చదువు కోసమే ఉండాలి, ఇంకో వ్యాపారం ఉద్దేశాల్లో కలిసి ఉంటే కుదరదు అని కోర్టు తేల్చి చెప్పింది. రాష్ట్ర ధర్మసంస్థల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా లేదా అన్నది కూడా ఇన్‌కం ట్యాక్స్ వాళ్లు చూడాలంది. ట్రస్టు నడిపేవాళ్ల సొంత మనుషులకు లాభం చేరవేస్తే మినహాయింపు పోతుందని 1961 ఇన్‌కం ట్యాక్స్ చట్టం 13వ సెక్షన్ ముందే చెప్పింది. బిల్డింగు అద్దె ఎవరికి పోతోంది, బస్సులు ఎవరి పేరు మీద ఉన్నాయి, పుస్తకాలూ యూనిఫాం ఏ షాపులోనే కొనాలంటున్నారు, ఆ షాపు ఎవరిది? చట్టం చేతిలో ఉంది. అడిగేవాడే కావాలి.

మినహాయింపు అంటే ఊరికే వదిలేసిన డబ్బు కాదండీ. సర్కారుకు రావాల్సింది రాకపోతే, ఆ లోటు ఎక్కడో ఒకచోట తేలాలి. మీ ఆశ్రమ పాఠశాలలో పదేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్న టీచరు జీతంలోనూ తేలొచ్చు.

దానికి బదులుగా ప్రైవేటు బడి మనకేం ఇవ్వాలి? విద్యాహక్కు చట్టం 12(1)(సి) ప్రకారం ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు. చట్టం 2009ది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సీట్లు ఇవ్వడం మొదలైంది 2022-23లో. పదమూడేళ్లు! 2023లో ఆ సీటుకు సర్కారు కట్టే ఫీజు ఖరారు చేశారు. పట్నంలో అయితే 8,000 రూపాయలు, పల్లెలో 6,500, గిరిజన ప్రాంతంలో 5,100. ఏడాదికి. అంకెలు మళ్లీ ఒకసారి చదవండి. కొండ ఎక్కి వచ్చి చదువు చెప్పాలంటే ఖర్చు పెరుగుతుందా, తగ్గుతుందా? మన పిల్లవాడి చదువు ఖరీదు పట్నం పిల్లవాడి కన్నా 2,900 తక్కువని కాగితం మీద రాసుకున్నారు. దాని మీద టీవీలో చర్చ పెట్టినవాళ్లు మీకెవరైనా కనిపించారా?

బడి సంగతి ఇంతటితో ఆపి పోలీసు సంగతికి వస్తాను. అక్కడ కూడా ప్రశ్న ఇదే. పోలీసు టైం కూడా జనం డబ్బే.

1993 ఏప్రిల్ 22 రాత్రి, లండన్ ఆగ్నేయ భాగంలో ఎల్తం అనే చోట బస్సు కోసం నిలబడ్డ స్టీఫెన్ లారెన్స్ అనే పద్దెనిమిదేళ్ల నల్లజాతి కుర్రవాణ్ని తెల్ల కుర్రాళ్ల గుంపు పొడిచి చంపింది. పోలీసులు సరిగ్గా దర్యాప్తు చేయలేదు. తల్లిదండ్రులు ఏళ్ల తరబడి తిరిగారు. చివరికి మాక్‌ఫర్సన్ అనే జడ్జితో విచారణ వేశారు. 1999 ఫిబ్రవరిలో వచ్చిన ఆ నివేదిక లండన్ పోలీసు సంస్థలోనే జాతివివక్ష పాతుకుపోయిందని రాసింది. ఇద్దరికి శిక్ష పడింది ఎప్పుడో తెలుసా? 2012 జనవరిలో. దాదాపు పందొమ్మిదేళ్లకు.

మాక్‌ఫర్సన్ ఒక ముఖ్యమైన సూచన చేశాడు. బాధితుడు గానీ ఇంకెవరైనా గానీ "ఇది జాతిద్వేషంతో జరిగింది" అని భావిస్తే పోలీసు దాన్ని అలాగే రాసుకోవాలి. నేరం కింద రాకపోయినా రాసుకోవాలి. స్టేషన్‌లో కూర్చున్నవాడు "ఇదేం పెద్ద విషయం, పో" అనడానికి వీల్లేదు. ఇవాళ గోడ మీద రాతలు, రేపు కిటికీ మీద రాయి, ఎల్లుండి కత్తి. ముందటి రెండూ ఎక్కడా రాసి లేకపోతే మూడోది ఆకాశం నుంచి ఊడిపడినట్టు కనిపిస్తుంది. మన ఊళ్లలో ఇది మీకు నేను చెప్పక్కర్లేదు.

తర్వాత ఆ పద్ధతి దారి తప్పింది, అది కూడా చెప్పాలి. సోషల్ మీడియా వచ్చాక ఎవరో పెట్టిన పోస్టు నచ్చక ఫిర్యాదు చేస్తే దాన్నీ నమోదు చేయడం మొదలైంది. హ్యారీ మిల్లర్ అనే మాజీ పోలీసు తన ట్వీట్లు అలా నమోదు చేయడం మీద కోర్టుకెళ్లాడు. 2021 డిసెంబర్‌లో అప్పీలు కోర్టు, పోలీసు మార్గదర్శకాలు మాట్లాడే స్వేచ్ఛను మితిమీరి అడ్డుకుంటున్నాయని తీర్పిచ్చింది. 2025 సెప్టెంబర్‌లో గ్రాహం లినెహాన్ అనే కామెడీ రచయితను ట్వీట్ల మీద హీత్రో ఎయిర్‌పోర్టులో ఐదుగురు తుపాకీ పోలీసులు అరెస్టు చేశారు. దేశమంతా గోల. ట్వీట్ల కొట్లాటల్లో తీర్పరులుగా మేం ఉండకూడదని లండన్ పోలీసు కమిషనర్ మార్క్ రౌలీనే బయటికొచ్చి చెప్పాడు. అక్టోబర్ వచ్చేసరికి, నేరం కాని ద్వేష ఘటనల మీద ఇక దర్యాప్తు చేయమని లండన్ పోలీసు ప్రకటించింది.

జనం కోపం ఊరికే రాలేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2024లో షాపు దొంగతనాలు 5 లక్షలకు పైగా నమోదయ్యాయి. 2014లో చేసిన చట్టం 200 పౌండ్ల లోపు షాపు దొంగతనాన్ని చిన్న నేరాల గాటన కట్టింది. అప్పటినుంచీ పోలీసు అటు చూడడం మానేశాడన్నది కొట్లవాళ్ల గోడు. ఇంట్లో దొంగలు పడితే రారు, ట్వీటు పెడితే మాత్రం తలుపు కొడతారు అన్న మాట అక్కడ సామెతలా అయిపోయింది.

సరే, ఒప్పుకుందాం. ట్వీట్ల వెంట తుపాకీ పోలీసు ఎందుకు? కానీ ఒకటి గమనించండి. పేపర్లో కాలం రాసేవాళ్లకీ పేరున్న రచయితలకీ ఇబ్బంది కలిగితే, అది వారం తిరక్కుండా పార్లమెంటుకు చేరింది, నెలన్నరలో పద్ధతి మారింది. స్టీఫెన్ తల్లిదండ్రులు అదే పార్లమెంటు తలుపు దగ్గరికి చేరడానికి ఏళ్లు పట్టింది. పైగా ఊపులో మారిన ఆ పద్ధతి ఎవరి చావులోంచి పుట్టిందో మాట్లాడినవాళ్లు తక్కువ.

ఆ చర్చలో అసలు పేరే వినపడనివాళ్లు ఇంకొకరున్నారు. బ్రిటన్‌లో జిప్సీలు, ట్రావెలర్లు అనే సంచార జాతులు. బళ్ల మీద, కారవాన్ల మీద తిరిగి బతికేవాళ్లు. వాళ్లకు దిగే చోట్లు ఏర్పాటు చేయాలని 1968 చట్టం స్థానిక కౌన్సిళ్ల మీద బాధ్యత పెట్టింది. 1994లో ఆ బాధ్యత ఎత్తేశారు. చోటు ఇవ్వడం మానేశారు కదా, తర్వాత ఏం చేశారు? 2022లో కొత్త చట్టం తెచ్చి, అనుమతి లేని చోట బండి ఆపుకుని ఉండబోవడాన్ని నేరం చేశారు. బండి అంటే వాళ్లకు ఇల్లు. ఆ ఇంటిని పోలీసు జప్తు చేయొచ్చు. విచిత్రం ఏంటంటే, ఈ అధికారం మాకు కావాలని పోలీసు గట్టిగా అడిగింది లేదు. ముందు జరిపిన అభిప్రాయ సేకరణలో పోలీసు సంస్థల్లో ఎక్కువ శాతం ఇలా నేరం చేయడానికి ఒప్పుకోలేదు, అసలు సమస్య దిగే చోట్లు లేకపోవడమే అన్నాయి. అయినా చట్టం వచ్చింది. 2024 మే 14న హైకోర్టు అందులో కొంత భాగం మానవ హక్కులకు విరుద్ధమని చెప్పింది. ఇంగ్లండ్ సర్కారు లెక్కల్లోనే పరీక్షల్లో అందరికన్నా వెనకబడింది ఆ జాతుల పిల్లలే, బడి నుంచి అందరికన్నా ఎక్కువగా గెంటేసేదీ వాళ్లనే. అంటే బడి గొడవలో, పోలీసు గొడవలో రెండిట్లోనూ ఎక్కువ నష్టపోయేది వాళ్లు. రెండిట్లోనూ మాట లేనిదీ వాళ్లకే.

ఇది చదువుతుంటే మన ఎరుకల అన్నదమ్ములకు స్టువర్టుపురం గుర్తుకొస్తుంది. తిరిగి బతికే జాతుల మీద పోలీసును పెట్టడం ఆ దేశానికి కొత్త కాదు. 1871లో ఇక్కడ నేరస్థ తెగల చట్టం చేశారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఉప్పు, ధాన్యం మోసి బతికే ఎరుకలను నేరస్థ తెగ అని రాసి, తెచ్చి బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో కూర్చోబెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు ఆ ఊరికి. సాల్వేషన్ ఆర్మీ చేతికి ఆ సెటిల్‌మెంటు అప్పగించారు. ఊరు దాటాలంటే అనుమతి, హాజరు పట్టీ. నేరం ఏంటని అడిగితే పుట్టుక. 1952లో చట్టం రద్దయింది. స్టువర్టుపురం అంటే దొంగలు అనే సినిమా మాట మాత్రం ఇంకా రద్దు కాలేదు.

ఇప్పుడు 2018 గుర్తు చేసుకోండి. మీలో చాలామంది అప్పుడు ఇంటరో డిగ్రీయో చదువుతుండొచ్చు. మార్చి 20న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జిల బెంచి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దుర్వినియోగం అవుతోందంది. క్రైమ్ రికార్డుల అంకెలు చూపించింది. కేసు పెట్టేముందు ప్రాథమిక విచారణ, అరెస్టుకు ముందు అనుమతి కావాలంది. అప్పుడు పేపర్లలో, టీవీల్లో విన్న మాటలు తలచుకోండి: తప్పుడు కేసులు, పోలీసు టైం వేస్టు, అమాయకులు బలవుతున్నారు. లండన్‌లో నేరం కాని ద్వేష ఘటనల గురించి అన్న మాటలు ఇవే. తేడా ఎక్కడంటే, అక్కడ నమోదు చేసింది ట్వీటు కూడా. ఇక్కడ నమోదు చేయమని అడుగుతున్నది కొట్టిన దెబ్బ, కాలిన ఇల్లు, చెరిచిన ఆడబిడ్డ, లాక్కున్న భూమి. ట్వీటు గురించి వేసిన ప్రశ్నను దెబ్బ గురించి వేశారు.

ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది. ఉత్తరాదిన ప్రాణాలు పోయాయి. ఆ ఏడే పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చి, ప్రాథమిక విచారణ అక్కర్లేదని రాసింది. 2019 అక్టోబర్ 1న సుప్రీంకోర్టే ముందటి ఆదేశాలు వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరిలో ఆ సవరణ చెల్లుతుందంది. రోడ్డెక్కిన జనం వల్ల నిలబడిన చట్టం అది.

చట్టం నిలబడింది, మరి పోలీసు ప్రాధాన్యం మారిందా? మన ఏజెన్సీలో రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయి కుప్ప పోసి తగలబెట్టారు. కొండకొండా తిరిగి వేల ఎకరాల్లో తోటలు పీకారు. గంజాయి పోవాల్సిందే, మన పిల్లల్ని అదే తింటోంది, దాని మీద నాకు రెండో మాట లేదు. నేను చెప్పేది ఒక్కటే: అనుకుంటే పోలీసు ఏ కొండైనా ఎక్కగలడు, ఏ సాక్ష్యమైనా పట్టుకురాగలడు. ఇప్పుడు రెండోది. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో తమ మీద గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు స్త్రీలు చెప్పారు. పదహారో ఏట, 2023 ఏప్రిల్ 6న, విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు చేసిన అధికారులు సరిగ్గా చేయలేదని కూడా అదే కోర్టు అంది. ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. దర్యాప్తు సరిగ్గా చేయకపోవడం వల్ల నిందితులు బయటపడితే, ఆ దర్యాప్తు ఎవరి ప్రాధాన్యంలో ఎన్నో నంబరు? ఇక్కడ పోలీసు దర్యాప్తు చేయాల్సింది పోలీసు మీదే మరి.

అందుకే "పోలీసుకు సిబ్బంది లేరు, టైం లేదు" అని ఎవరైనా అంటే నాకు నమ్మబుద్ధి కాదు. లేనిది కొందరి ఫిర్యాదుకే.

కాబట్టి చేతిలో ఉన్న పని చెప్తాను. ఎస్సీ ఎస్టీ చట్టం కింద కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి, 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని తిరిగి చదివి వినిపించాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఇవ్వాలి. కావాలని ఇవి చేయని అధికారికి నాలుగో సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, అయితే దానికి ముందు శాఖాపరమైన విచారణ సిఫారసు కావాలి. ఆ సిఫారసు దగ్గరే చాలావరకు ఆగిపోతుంది. అక్కడ ఆగకుండా అడిగే చోటు ఒకటుంది. నిబంధనల్లో 17వది ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన విజిలెన్స్ మానిటరింగ్ కమిటీ ఉండాలి, మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. మీ జిల్లాలో కమిటీ సభ్యులు ఎవరు, పోయిన ఏడాది ఎన్నిసార్లు కూర్చున్నారు, 60 రోజులు దాటినా చార్జిషీటు పడని కేసులు ఎన్ని, నాలుగో సెక్షన్ కింద ఎంతమంది అధికారుల మీద విచారణ సిఫారసు చేశారు? సమాచార హక్కు దరఖాస్తు ఒక్కటి చాలు, ఈ నాలుగూ అడగడానికి. దానితో పాటు మీ మండలంలో 12(1)(సి) కింద ఎన్ని సీట్లు ఉన్నాయి, ఎన్ని నిండాయి, ఒక్కో బడికి ఎంత కట్టారు అని మండల విద్యాధికారికి ఇంకో దరఖాస్తు పెట్టండి. జవాబు వచ్చినా రాకపోయినా, వచ్చిన కాగితం ఫోటో తీసి మాకు పంపండి. జిల్లాల వారీగా ఇక్కడే పెడతాం. మొదటి దరఖాస్తులు సంత రోజున నలుగురూ కలిసినప్పుడు రాస్తే సులువు, రాయడం వచ్చినవాళ్లు రానివాళ్ల తరపున కూడా రాయొచ్చు.